ఇంకొక్క మ్యాచ్ మామ్మా! ఫోన్ గేమ్ వదలని పిల్లలున్న ఇంట్లో ఏం చేయాలి

సంక్రాంతి మూడు రోజులూ ఫోన్ వదలని కుర్రాడు, పండగ వెళ్లాక బుద్ధిగా బడికెళ్లి, వేళకి తిని వేళకి పడుకుంటుంటే వాడి జోలికి పోనక్కర్లేదు. బాగా ఆడేవాళ్లందరూ వ్యసనపరులు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లో పెట్టిన జబ్బుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. అందులో చూసేవి మూడు. ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తన చేతిలో లేకపోవడం ఒకటి. తిండి, నిద్ర, చదువు, స్నేహితులు అన్నిటికన్నా ఆటే ముందుకు వచ్చేయడం రెండోది. నష్టం కళ్ల ముందు కనబడుతున్నా ఆపలేకపోవడం మూడోది. ఈ మూడూ కలిసి మామూలుగా ఏడాదిపాటు సాగితే జబ్బు అంటారు. మరీ తీవ్రంగా ఉంటే ఏడాది దాకా ఆగక్కర్లేదు.

ఈ మూడింటిలో గంటల లెక్క ఎక్కడా లేదు. రెండు గంటలే ఆడినా ఆ రెండు గంటలూ రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా అయితే అది గొడవే. ఇంట్లో కనబడే గుర్తులు వేరేగా ఉంటాయి: స్నానం ఎగ్గొట్టడం, కంచం గదిలోకే తెప్పించుకోవడం, ట్యూషన్‌కని బయల్దేరి స్నేహితుడి ఇంట్లో కూర్చోవడం, ఎంతసేపు ఆడావంటే అబద్ధం చెప్పడం, ఒకప్పుడు ఇష్టపడిన వాలీబాల్ వైపు కూడా వెళ్లకపోవడం. ఆడపిల్లల్లో ఇది తక్కువగా బయటపడుతుంది. గదిలో నిశ్శబ్దంగా ఉంటే చదువుకుంటోందనే అనుకుంటారు.

ముందు వారం రోజులు ఏమీ అనకండి

తిట్టడానికి ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని ఏడు రోజులు రాయండి. రోజుకి ఐదు గడులు చాలు: ఎన్నింటికి లేచాడు, ఎన్నింటికి పడుకున్నాడు, ఏయే వేళల్లో ఆడాడు, ఆటకి ముందు ఏం జరిగింది, ఆపమన్నప్పుడు ఏమైంది. గంటల లెక్క ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో 'డిజిటల్ వెల్‌బీయింగ్' అన్నచోట ఏ యాప్ రోజుకి ఎంతసేపు వాడారో ఉంటుంది. ఐఫోన్‌లో దీన్నే 'స్క్రీన్ టైమ్' అంటారు. వాడికి తెలియకుండా దొంగచాటుగా చూడొద్దు. "వారం రోజులు లెక్క చూద్దాం నాన్నా, ఇప్పుడేమీ అనను" అని చెప్పే చూడండి. యూట్యూబ్‌లో వేరేవాళ్లు ఆడే గేమ్ వీడియోలు చూసే టైము కూడా అదే లెక్కలో వేయాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది నాలుగో గడి. మార్కులు వచ్చిన రోజు, నాన్న కేకలేసిన రోజు, ట్యూషన్‌లో అందరిముందూ నిలబెట్టిన రోజు ఆట ఎక్కువైందంటే, ఆ పిల్లవాడు గేమ్ కోసం గేమ్ ఆడటం లేదు. అలాంటప్పుడు ఫోన్ లాక్కుంటే దెబ్బ తగిలిన చోటు అలాగే ఉండిపోతుంది, కట్టు మాత్రం ఊడిపోతుంది.

ఆట ఎలా కట్టారో తెలుసుకోండి

"ఇప్పుడే ఆపెయ్" అనగానే కుర్రాడు అరవడానికి సగం కారణం ఆట నిర్మాణంలోనే ఉంది. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల గేమ్‌లో వంద మందిని ఒక దీవిలో దింపే మామూలు మ్యాచ్ చివరిదాకా బతికితే అరగంట దాకా పడుతుంది. అలాంటిదే ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో యాభై మంది, పది పదిహేను నిమిషాలు. నలుగురు కలిసి స్క్వాడ్‌గా ఆడుతున్నప్పుడు మధ్యలో లేచిపోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, మర్నాడు బళ్లో మాట పడాలి, ర్యాంకు పాయింట్లు కూడా పోతాయి. మీరు అన్నానికి పిలుస్తున్నారు. వాడికేమో చీట్లపేకలో ముక్కలు పంచాక మధ్యలో లేపేసినట్టు ఉంటుంది.

ఇక రోజూ తెరిస్తే ఇచ్చే బహుమతులు, కొన్ని వారాలకోసారి మారే సీజన్లు, డబ్బు కట్టి కొనే పాస్‌లు, లోపల ఏముందో తెలియని పెట్టెలు. ఎప్పుడు మంచిది తగులుతుందో తెలియకపోవడంలోనే ఆ పెట్టెల పట్టు ఉంది. కోడిపందేల బరి పక్కన గుండాట జూదం దగ్గర కూర్చున్నవాడు ఎందుకు లేవలేడో, పిల్లవాడు ఆ పెట్టె దగ్గర ఎందుకు లేవలేడో కారణం ఒకటే.

అందుకని ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని ఒక మ్యాచ్ మొత్తం చూడండి. నీ ర్యాంకు ఏంటి, స్క్వాడ్‌లో ఎవరెవరు, వాళ్లు మన ఊరివాళ్లేనా అని అడగండి. విమర్శించొద్దు, సలహా ఇవ్వొద్దు. వాయిస్ చాట్‌లో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లున్నారేమో కూడా అప్పుడే తెలుస్తుంది. అలాంటివాళ్లు ఫొటోలు గానీ ఫోన్ నంబరు గానీ డబ్బు గానీ అడిగారని తేలితే, బాధ్యత పిల్లవాడి మీద వేయకుండా ఆ ఐడీని బ్లాక్ చేయించి, మాటల స్క్రీన్‌షాట్లు దాచండి.

మొదట రాత్రి, తర్వాతే పగలు

అన్నీ ఒకేసారి మార్చబోతే ఏదీ నిలవదు. నిద్రతో మొదలెట్టండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో ఒంటి గడియారం తనంతట తానే కొంచెం ఆలస్యంగా తిరుగుతుంది కాబట్టి, ఎనిమిదింటికే పడుకోమంటే నిద్ర రాదు. నిద్ర తగ్గితే మర్నాడు చిరాకు, బళ్లో తూగడం, మార్కులు పడిపోవడం, ఆ బాధ మరిచిపోవడానికి మళ్లీ ఆట. ఈ గొలుసుని తెంపడానికి తేలికైన లంకె రాత్రే.

రెండింటికి పడుకునేవాణ్ణి పదింటికి పడుకోబెట్టలేరు. ముందు లేచే టైము ఖాయం చేయండి, ఆదివారమైనా సరే, ఆరున్నర అంటే ఆరున్నర. పడుకునే టైముని రెండ్రోజులకోసారి ఓ ఇరవై నిమిషాలు వెనక్కి జరపండి. మూడున్నర వారాలు పడుతుంది. మధ్యాహ్నం నిద్ర అరగంట దాటనివ్వొద్దు.

ఫోన్లన్నీ హాల్లో ఒకేచోట ఛార్జింగ్ పెట్టాలి. అన్నీ అంటే నాన్నది, అమ్మది కూడా. "పొద్దున్నే లేవడానికి అలారం కావాలి" అంటాడు. సంతలో దొరికే అలారం గడియారం ఒకటి కొనిపెట్టండి. పాత ఫోన్ ఏదైనా బీరువాలో ఉంటే అది కూడా బయటికి తీయండి. సిమ్ లేకపోయినా వైఫైతో ఆడొచ్చన్న సంగతి ఇంట్లో పెద్దవాళ్లకే తెలియదు.

కోనసీమలో ఇంకో ఇబ్బంది ఉంది. నాన్నో అమ్మో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు, పిల్లలు మామ్మ దగ్గర పెరుగుతుంటారు. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ డ్యూటీ దిగి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర. ఆ వీడియో కాల్ పేరుతో ఫోన్ పిల్లవాడి చేతిలో ఉండిపోతుంది, కాల్ అయ్యాక గేమ్ మొదలవుతుంది. ఉన్నంతలో మంచి మార్గం: మామూలు రోజుల్లో ఐదు నిమిషాల కాల్ మామ్మ ఫోన్‌కి, హాల్లోనే. తీరిగ్గా మాట్లాడేది శుక్రవారం, కువైట్‌లో సెలవు కాబట్టి, వాళ్లకి సాయంత్రం ఐదింటికి. అప్పుడు ఇక్కడ ఏడున్నర. దగ్గర లేమన్న బెంగతో అక్కడి నుంచి ఖరీదైన ఫోన్ పంపే ముందు, ఆ ఫోన్ ఎన్నింటి దాకా ఎవరి దగ్గర ఉండాలో అక్కడివాళ్లూ మామ్మా మాట్లాడుకోవాలి. లేకపోతే పిల్లవాడి ముందు మామ్మ మాటకి విలువుండదు.

భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల వాళ్ల ఇళ్లది మరో రకం. రాత్రిళ్లు నాన్న చెరువు గట్టు మీద మకాంలో ఉంటాడు, ఇంట్లో చూసేవాళ్లు ఒక్కరే. అలాంటిచోట హాల్లో ఛార్జింగ్ పెట్టే పని పిల్లలకే అప్పజెప్పి, రాత్రి పదింటికి ఫోన్లన్నీ కనబడేలా ఒక ఫొటో నాన్నకి పంపించమనండి. పంపాక అమ్మ ఫోన్ కూడా అక్కడే పెట్టేయాలి.

ఒప్పందం నిమిషాల్లో వద్దు, మ్యాచ్‌ల్లో

రాత్రి కాస్త దారిలో పడ్డాక, అంటే ఆ మూడున్నర వారాల తర్వాత, పగటి సంగతి. నోటు పుస్తకంలో సగటున రోజుకి ఆరు గంటలు వచ్చిందనుకోండి. వారానికి పావు వంతు చొప్పున తగ్గించాలి: మొదటి వారం నాలుగున్నర, రెండో వారం మూడున్నర, మూడో వారం రెండున్నర, నాలుగో వారం రెండు. దాన్ని వాడి ఆట లెక్కలోకి మార్చండి. రెండు గంటలంటే బీజీఎంఐ అయితే నాలుగు మ్యాచ్‌లు. "రాత్రి ఎనిమిదిన్నర తర్వాత కొత్త మ్యాచ్ మొదలెట్టకూడదు" అన్నది "తొమ్మిదింటికి ఆపాలి" అన్నదానికన్నా నిలబడే నియమం. ఎనిమిదీ ఇరవై ఐదుకి మొదలెట్టిన మ్యాచ్ తొమ్మిది లోపే అయిపోతుంది, ఎవరి పరువూ పోదు.

కాగితం మీద రాయండి. ఎన్ని మ్యాచ్‌లు, ఏ వేళల్లో, తప్పితే ఏమిటి, పాటిస్తే ఏమిటి, మళ్లీ ఎప్పుడు కూర్చుని మార్చుకుంటాం. తప్పినందుకు శిక్ష మర్నాటి ఆటలోంచి ఒక మ్యాచ్ కోత, అంతే. నెల రోజులు ఫోన్ బంద్ అన్నారంటే నాలుగో రోజు మీరే విసిగి ఇచ్చేస్తారు, అప్పటినుంచి మీరేమన్నా లెక్క చేయడు. కాగితంలో వాడు అడిగింది కనీసం ఒకటి ఉండాలి. శనివారం రాత్రి స్క్వాడ్‌తో ఒక అదనపు మ్యాచ్ అడిగితే ఇచ్చేయండి.

ఆపించే పద్ధతి కూడా ముఖ్యమే. గుమ్మంలోంచి కేకేయొద్దు. దగ్గరకెళ్లి, "ఏరా, ఈ మ్యాచ్ ఇంకెంతసేపు పడుద్ది?" అనండి. "పది నిమిషాలమ్మా" అంటాడు. "సరే, అయ్యాక కంచం దగ్గరకొచ్చెయ్యి, చేపల పులుసు చల్లారిపోద్ది." పది నిమిషాలయ్యాక వెళ్లి పక్కన నిలబడండి. ఇంకో మ్యాచ్ మొదలెట్టబోతే అప్పుడు కాగితం గుర్తు చేయండి, గొంతు పెంచకుండా.

ఈ పద్ధతి పాడయ్యేది రెండు చోట్ల. నాన్న కాదన్నది తాతయ్య చాటుగా ఇవ్వడం ఒకటి. "పోనీలే, చిన్నపిల్లాడు" అనే పెద్దవాళ్లకి, కాగితం రాసేటప్పుడే పక్కన కుర్చీ వేయండి. రెండోది, పిల్లవాడికి నియమం పెట్టి నాన్న సోఫాలో రీల్స్ చూస్తూ కూర్చోవడం. వాడు పైకి అనకపోయినా లోపల అనుకుంటాడు.

తాళాలు ఎంతవరకు పనిచేస్తాయి

యాప్ టైమర్లు, లాకులు కంచె లాంటివి. చేనుకి కంచె కావాలి, కంచె ఉంది కదాని చేను వదిలేయకూడదు. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో పెట్టిన టైమర్ని పిల్లవాడే తీసేసుకోగలడు. అది తనకి తాను పెట్టుకునేది. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో వాడి అకౌంట్‌ని మీ అకౌంట్‌కి జతచేస్తే రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూతపడాలి, కొత్త యాప్ వేసుకోవాలంటే మీరు ఒప్పుకోవాలా అన్నవి మీ ఫోన్‌లోంచే పెట్టొచ్చు. ఇది పనిచేయాలంటే వాడి అకౌంట్‌లో అసలు పుట్టిన సంవత్సరం ఉండాలి. చాలా ఇళ్లల్లో పిల్లవాడి ఫోన్‌లో నాన్న అకౌంటే ఉంటుంది, అప్పుడు ఏ కట్టడీ తగలదు. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌కి వేరే పాస్‌కోడ్ పెట్టి, దాన్ని ఇంట్లో వాడే మిగతా పిన్‌లకి దూరంగా ఉంచండి. పుట్టినరోజు తేదీలు పిల్లలకి నోటికొచ్చు.

వైఫై డబ్బాలో ఫోన్‌ని బ్లాక్ చేసినా, ఈమధ్య ఫోన్లు మ్యాక్ అడ్రస్ (డబ్బా ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) మార్చుకుని కొత్త ఫోన్‌లా మళ్లీ కలవగలవు. అంతకన్నా పాస్‌వర్డ్ మార్చడం తేలిక. రాత్రి డబ్బా స్విచ్ కట్టేయడం ఇంకా తేలిక. డేటా ప్యాక్ తగ్గిస్తే గేమ్ ఆగుతుందనుకోవద్దు. వీడియోలకి పట్టే డేటాలో గేమ్‌కి పట్టేది చాలా తక్కువ, పక్కింటి హాట్‌స్పాట్ చాలు.

టైమర్ మ్యాచ్ మధ్యలో తెగిపడేలా మాత్రం పెట్టొద్దు. గోడకేసి కొట్టిన ఫోన్లలో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది. చివరి మ్యాచ్ టైముకి అరగంట తర్వాత పడేలా పెట్టండి.

డబ్బు సంగతి వేరేగా

ఇది ఒప్పందంలో కలపొద్దు, ఈ రోజే చేయండి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. మీ యూపీఐ పిన్ పిల్లలకి తెలిసుంటే మార్చండి, కిరాణా కొట్టుకి పంపేటప్పుడు చేతికి నోటు ఇవ్వండి. యూపీఐ లైట్ ఆన్‌లో ఉంటే వెయ్యి రూపాయల దాకా పిన్ అడగదు, అది ఆపేయండి. ఆటోపే జాబితా తీసి మీరు పెట్టని చెల్లింపులుంటే రద్దు చేయండి. కొట్లో నగదు ఇచ్చి, ప్లే స్టోర్‌లో డబ్బులా వాడే రీడీమ్ కోడ్లు కొనుక్కునే దారి ఒకటుంది, కాబట్టి చేతి ఖర్చుకి ఇచ్చే డబ్బు ఎటు పోతోందో అప్పుడప్పుడు చూడాలి.

డబ్బు పందెం కాసే ఆటలు పూర్తిగా వేరే గొడవ. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా లింకు పంపి, ప్లే స్టోర్‌లో దొరకని ఏపీకే ఫైలు వేసుకోమన్నారంటే అది దొంగ వ్యాపారమే. గేమ్ ఐడీ కొంటాం, అమ్ముతాం, తక్కువ ధరకి డైమండ్లు (ఆటలో వాడే నాణేలు) ఇస్తాం అనేవాళ్లూ అదే బాపతు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. అదే ప్లే స్టోర్‌లో పిల్లవాడు తెలియక కొన్నదైతే 48 గంటల్లోపు గూగుల్‌కే రిఫండ్ అడగండి. ఆ రోజు కొట్టడం మొదలెడితే ఇంకెన్ని లావాదేవీలున్నాయో వాడు చెప్పడు.

ఖాళీ అయిన గంటల్లో ఏముంటుంది

ఆరు గంటల ఆట రెండు గంటలకి తగ్గితే రోజూ నాలుగు గంటలు మిగులుతాయి. వాటిని చదువుతో నింపేద్దామనుకుంటే వారంలో మొదటికొస్తుంది. గేమ్‌లో వాడికి దొరికేవి మూడు: తోటివాళ్లు, తను మెరుగవుతున్నట్టు తెలిసే గుర్తు, ఇంట్లో దొరకని శభాష్. వీటిలో రెండైనా ఇచ్చేదే నిలుస్తుంది. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడింటిదాకా వాలీబాల్ గానీ కబడ్డీ గానీ షటిల్ గానీ, ఒంటరిగా చేసే వాకింగ్ కన్నా వంద రెట్లు మేలు. వేసవిలో దాళ్వా కోతలయ్యాక చేలన్నీ క్రికెట్ గ్రౌండ్లే. నీళ్లున్న కాలువలోకి మాత్రం ఈత వచ్చిన పెద్దవాళ్లు తోడు లేకుండా పంపొద్దు.

చెరువులున్న ఇంట్లో మేత లెక్క, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూసి రాసే పుస్తకం అప్పజెప్పొచ్చు. అంకెలు, రోజూ ఫలితం, తన మాట మీద నాన్న నిర్ణయం తీసుకోవడం: ఆటలో ఉన్న రుచే ఇందులోనూ కొంత ఉంటుంది. కరెంటు మోటార్ల దగ్గరకి పంపొద్దు. ఏ పనైనా శిక్షగా ఇస్తే మాత్రం అది అక్కడితో చచ్చిపోతుంది.

హాస్టల్ ఇంటర్ కాలేజీ నుంచి దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చే పిల్లల్ని మొదటి రెండ్రోజులు వదిలేయండి. నెలల తరబడి ఫోన్ లేకుండా ఉండి వచ్చారు, ఒక్కసారిగా మీద పడతారు. మూడో రోజు కాగితం తీయండి. గోదావరి వరద వచ్చి బళ్లు మూసినప్పుడు, లంక గ్రామాల్లో బయటికి వెళ్లే దారే లేనప్పుడు, మామూలు కన్నా రెండు మ్యాచ్‌లు ఎక్కువ ఇచ్చినా కొంపలేమీ మునగవు. రాత్రి నియమం మాత్రం మారకూడదు.

కోపం, బెదిరింపు, డాక్టరు

తగ్గించిన మొదటి ఒకటి రెండు వారాలు చిరాకు, విసుగు, నిద్ర పట్టకపోవడం, ఏ పనీ తోచకపోవడం ఉంటాయి. ఎదిగిన కొడుకు మీదికొస్తే ఎదురు నిలబడొద్దు, ఫోన్ కోసం పెనుగులాడొద్దు. చిన్నపిల్లల్ని పక్క గదిలోకి పంపి, మాట తగ్గించి, అరగంట ఆగండి. నియమం మారదు, దాని గురించి మాట్లాడేది రేపు.

"చచ్చిపోతా" అన్నాడంటే బెదిరింపని కొట్టిపారేయొద్దు. నిజంగా అలా అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. ఒంటరిగా వదలొద్దు. వ్యవసాయం ఇళ్లల్లో పురుగుమందు డబ్బాలు వసారాలోనే పడుంటాయి. గేమ్ గొడవ ఉన్నా లేకపోయినా వాటిని తాళం వేసిన పెట్టెలోకి మార్చండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు తామే ఫోన్ చేసుకోవాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ప్రాణం మీదికొస్తే 108.

ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు చేసినా ఏ మార్పూ లేకపోతే, బడి పూర్తిగా మానేస్తే, దొంగతనమో కొట్టడమో మొదలైతే సైకియాట్రిస్టుని కలవండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి టెక్నాలజీ వ్యసనాల కోసమే షట్ క్లినిక్ నడుస్తోంది. వెళ్లేటప్పుడు ఆ వారం నోటు పుస్తకం పట్టుకెళ్లండి. గేమ్ మాన్పించే మాత్ర అంటూ ఏదీ లేదు. దిగులు, భయం, చిన్నప్పటినుంచి ఉన్న ఏకాగ్రత లోపం ఏదైనా అడుగున ఉంటే డాక్టరు దానికి వైద్యం చేస్తారు, మిగతాది పిల్లవాడితోనూ ఇంట్లోవాళ్లతోనూ విడివిడిగా, కలిపి కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, డాక్టరు దగ్గరకి వెళ్లే రోజు మాత్రం వాయిదా వేయొద్దు. గదిలో బంధించి దారిలో పెడతామనే చోట్లకి పంపొద్దు.

మధ్యలో జారుతాడు. కొత్త సీజన్ వచ్చినప్పుడు, స్నేహితుడు కొత్త ఫోన్ కొన్నప్పుడు, పరీక్షలయ్యాక. ఒక వారం పాత లెక్కకి వెళ్లాడని మొత్తం పోయిందనుకోవద్దు, ఏ వారం దగ్గర ఉన్నారో అక్కడినుంచే మళ్లీ మొదలెట్టండి. నోటు పుస్తకం పారేయకండి. వచ్చే సెలవులకి ముందు ఒకసారి తీసి చూస్తే, వాడు ఏ రోజు ఎందుకు జారాడో ఆ నాలుగో గడిలో రాసే ఉంటుంది.